ఆ 1.6 వోల్టులు ఎటు పోయినట్టు?

మూడు గంటలు మా క్యాంపర్ బండి నడిచాక కూడా, ఫ్రిజ్‌ని నడిపే వెనక బ్యాటరీ నిండలేదంటే నిద్రెలా పడుతుంది? సాయంత్రం ఫ్రిజ్ మళ్లీ ఆగింది. బావది ఎప్పటి మాటే: "బ్యాటరీ పోయింది, మార్చెయ్." పోయినేడాది ఈ మాట మీదే 100 ఆంపియర్-అవర్లది కొత్తది తెచ్చి పెట్టాం. చార్జింగే అందని చోట కొత్తది మాత్రం ఏం చేస్తుంది? లెడ్ యాసిడ్ బ్యాటరీ సగం చార్జితో వారాల తరబడి పడి ఉంటే పలకల మీద సల్ఫేట్ గట్టిపడిపోతుంది. ఇక ఎంత చార్జి పెట్టినా పాత కెపాసిటీ రాదు. బ్యాటరీ పోయి చార్జింగ్ ఆగలేదు, చార్జింగ్ అందకే బ్యాటరీ పోయింది. ఎన్నిసార్లు చెప్పినా ఇంట్లో ఎవరూ చెవిన పెట్టరు.

ఆ పాతదాన్ని కొలిచిన రోజు బాగా గుర్తు. చార్జర్ తీసీ తీయగానే 12.9 వోల్టులు చూపిస్తే బాగుందనుకున్నాం. అది పైపైన నిలిచిన చార్జి. ఏ లోడూ లేకుండా నాలుగు గంటలు వదిలేశాక 12.2కి దిగింది, అంటే సగమే. నిండిన బ్యాటరీ 12.7 దగ్గర నిలబడాలి.

అందుకే ఇవాళ ముందు సోలార్ తీసేసి, కరెంటు చార్జర్ ఆపేశాను. అవి ఉంటే మీటర్లో కనబడే వోల్టేజీ ఎవరిదో తేలదు. ఇంజిన్ ఆన్, హెడ్‌లైట్లు ఆన్. ముందు బ్యాటరీ 14.3, వెనకది 12.7. మధ్యలో 1.6 వోల్టులు మాయం!

ఇంజిన్‌తో తిరిగి చార్జింగ్ ఇచ్చే ఆల్టర్నేటర్, అవసరాన్ని బట్టి వోల్టేజీ మార్చే స్మార్ట్ రకమేమో, తగ్గిన వోల్టేజీని పెంచి వెనక బ్యాటరీకి ఇచ్చే డీసీ టు డీసీ చార్జర్ కొనక తప్పదేమో అనుకున్నాను. కానీ ఆ రకం ఆల్టర్నేటర్ అయితే ముందు బ్యాటరీ నిండాక వోల్టేజీ బాగా దించేస్తుంది. హెడ్‌లైట్లు ఆపి ఇరవై నిమిషాలు చూసినా 14.3 కదల్లేదు. ఆ ఖర్చు తప్పింది.

తర్వాత రిలే, అంటే ఇంజిన్ నడిచేటప్పుడు రెండు బ్యాటరీలనూ కలిపే స్విచ్. టక్‌మని చప్పుడొస్తే పనిచేస్తున్నట్టు కాదు, లోపలి కాంటాక్టులు కాలిపోయినా చప్పుడొస్తుంది. మీటర్ ఒక మొన రిలే 30 నంబరు కాలు మీద, రెండోది 87 నంబరు కాలు మీద పెడితే పోయేది 0.1 వోల్టే. దాని తప్పేం లేదు. అవే మొనలు ఫ్యూజ్ హోల్డర్‌కి అటూ ఇటూ పెడితే 1.2!

ఫ్యూజ్ లాగి చూశాను. తీగ తెగలేదు. ఒక కాలు నీలంగా మాడింది, హోల్డర్ ప్లాస్టిక్ పసుపెక్కి మెత్తబడింది, లోపల పచ్చటి చిలుము. వైరు చుట్టూ పట్టి కరెంటు కొలిచే క్లాంప్ మీటర్లో 5 ఆంపియర్లు. అంటే 6 వాట్ల వేడి ఆ వేలెడు ముక్కలోనే పుడుతోంది. కరెంటు పారనప్పుడు కొలిస్తే అదే హోల్డర్ దాటాక కూడా పూర్తి వోల్టేజీ కనిపిస్తుంది, అందుకే ఇన్నాళ్లూ దొరకలేదు. ఇంతకుముందు బండి వాడినాయన మీద వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. వైరు చివర నొక్కి బిగించే క్రింపు లేదు, బోల్టుకి తగిలించే లగ్ లేదు, మెలిపెట్టి టేపు చుట్టాడు. వైర్లన్నీ ఎరుపే. ఏది ఎక్కడికి పోతుందో పట్టుకోవడానికే గంట పట్టింది.

హోల్డర్ మారిస్తే సరి అని రాయబోయి ఆగాను. సరిపోదు. మిగిలిన 0.3లో ఛాసిస్‌కి కలిపే ఎర్త్ వాటా 0.1, వైరు వాటా 0.2. అది ఐదు మీటర్ల 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు. ఇప్పుడు 5 ఆంపియర్లే కాబట్టి 0.2. హోల్డర్ బాగుపడ్డాక 20 ఆంపియర్లు పారితే వైరు ఒక్కటే 0.7 మింగేస్తుంది. 10 చదరపు మిల్లీమీటర్లది వేస్తే 0.2తో పోతుంది. ఎర్త్ వైరూ అంతే మందం ఉండాలి, పెయింటు గీకిన ఛాసిస్ మీద బిగించాలి. రిలే 70 ఆంపియర్లది కాబట్టి 40 ఆంపియర్ల ఫ్యూజులు రెండు, ఒక్కో బ్యాటరీ పక్కన ఒక్కోటి. మధ్యలో ఎక్కడ షార్ట్ అయినా రెండు వైపుల నుంచీ కరెంటు వస్తుంది మరి.

హోల్డర్ బల్ల మీదే ఉంది, కాలిన వాసన ఇంకా పోలేదు. పొద్దున బావ లేవగానే చూపించాలి.