కల్లంలో తేలే తఖ్వా

వంశాన్ని బట్టి, ఆస్తిని బట్టి మనిషి గొప్పవాడు కాడు, దైవభీతి (తఖ్వా) ఎక్కువున్నవాడే అల్లాహ్ దగ్గర గౌరవనీయుడు అంటుంది ఖుర్‌ఆన్ (49:13). జుమా బయాన్‌లో, అంటే శుక్రవారం మసీదు ప్రసంగంలో, అందరం వినే మాటే. రైతు ఇంట్లో అది తేలేది మాత్రం కల్లంలో. కోత నాడే పంట హక్కు చెల్లించమని 6:141 ఆజ్ఞ. పేదలకిచ్చే ఆ వంతు పేరే ఉష్ర్.

వాన మీద పండితే పదో వంతు. బోరు, మోటరు పెట్టి తడిపితే ఇరవయ్యో వంతు. అచ్చంపేట వైపు వానకే 20 క్వింటాళ్ల పల్లికాయ వచ్చిందనుకోండి, 2 క్వింటాళ్లు తీయాలి. బోరు కింద అయితే 1. రెండు నీళ్లూ పారితే ఏది ఎక్కువ పారిందో దాని లెక్కే. విత్తనం, ఎరువు, కూలి ఖర్చులు పోనిచ్చి మిగిలినదాని మీద లెక్క కడతారు కొందరు. హనఫీ ఫిఖ్‌లో, అంటే హనఫీ పద్ధతి ధర్మశాస్త్రంలో, అది చెల్లదు, నీళ్ల ఖర్చుకే సగం తగ్గింది కదా! ఆ పద్ధతికి మూలపురుషుడైన ఇమామ్ అబూ హనీఫా ప్రకారం ఎంత పండినా ఉష్ర్ ఉంది, నల్లగొండ బత్తాయి తోటకైనా సరే. ఆయన శిష్యులిద్దరూ నిల్వ ఉండే పంటకే, అదీ 5 వసఖ్‌లు (పాతకాలపు కొలత) నిండితేనే అన్నారు. ఇవాళ్టి తూకంలో చాలామంది దాన్ని సుమారు 650 కిలోలుగా కడతారు. అంతకు తక్కువ పండినా ఇచ్చేయడమే మేలని నా మాట.

అసలు చెడేది రాశి దగ్గర. మంచి కాయ మార్కెట్‌కు పోతుంది, అడుగున మిగిలిన తాలు, మట్టిపెళ్లలు పేదవాడి బస్తాలోకి ఎక్కుతాయి. మీకే ఇస్తే కళ్లు మూసుకుని తప్ప తీసుకోని సరుకు ఇవ్వొద్దని 2:267 చెబుతున్నది ఇదే. పచ్చికాయ కట్టి ఇస్తే బూజు పడుతుంది, ఎండాక తూకం కూడా తగ్గుతుంది. కాయ తీసి చెవి దగ్గర ఊపండి, లోపల గింజ గలగలమనాలి. అప్పుడు తూచండి.

ఇచ్చే తీరు ఇంకా ముఖ్యం. ఆదం సంతతికి గౌరవం ఇచ్చానన్నాడు అల్లాహ్ (17:70). తీసుకునేవాడూ ఆ సంతతే. ఎత్తిపొడిస్తే ఇచ్చింది వృథా అవుతుంది (2:264). లైన్లో నిలబెట్టి ఫోటో తీసి వాట్సాప్ స్టేటస్ పెట్టడం అతని పరువు తీయడమే, నాకది సహించదు. పొద్దుగూకాక బస్తా ఇంటి ముందు దించి రండి. మనసులో నియ్యత్ (సంకల్పం) ఉంటే చాలు, ఉష్ర్ అని చెప్పనక్కర లేదు.

తల్లిదండ్రులకు, పిల్లలకు, భార్యకు ఇది చెల్లదు. లేమిలో ఉన్న అన్నకో చెల్లెకో ఇవ్వొచ్చు. మన చేన్లో పనిచేసిన పేద ముస్లిం కూలీకీ ఇవ్వొచ్చు. ముందు కూలి డబ్బులు పూర్తిగా చేతిలో పెట్టి, ఉష్ర్ విడిగా ఇవ్వాలి. కూలి కింద జమ కట్టుకుంటే ఉష్ర్ బాకీ అట్లనే ఉంటుంది.