అటక మీది అట్టపెట్టె, పది ఆదివారాలు

మా అక్క కూతురు తొమ్మిదో తరగతికి వచ్చింది. బడి తెరిచే ముందు అటక మీది అట్టపెట్టె దింపితే, ఆరో తరగతి నుంచి తను చేసిన ప్రాజెక్టులన్నీ అందులోనే ఉన్నాయి. చార్టుల అంచులు చెమ్మకు మెత్తబడ్డాయి. రెండు నోటుపుస్తకాలకు చెదలు పట్టాయి. కోనసీమలో కాలువ పక్క ఇళ్ళలో కాగితానికి ఆయుష్షు తక్కువ. ఒక్కొక్కటే అరుగు మీద ఎండబెడుతూ "పిన్నీ, ఇవి పాడవకుండా ఒకచోట పెట్టలేమా?" అని అడిగింది. అప్పటి నుంచి ప్రతి ఆదివారం అమలాపురం నుంచి వాళ్ళ ఊరు వెళ్తున్నాను. భోజనాల వేళ దాకా ఇద్దరం తను చేసినవన్నీ ఒకచోట చేర్చే ఈ పోర్ట్‌ఫోలియో పని మీదే కూర్చుంటున్నాము.

1, 2 వారాలు

ఖర్చు ఉండకూడదు, ఫోనులోనూ తెరుచుకోవాలి. అందుకే గూగుల్ ఉచితంగా ఇచ్చే బ్లాగర్‌లో బ్లాగు తెరిచాము. మన దేశంలో సొంతంగా గూగుల్ ఖాతా తెరవాలంటే 13 ఏళ్ళు నిండాలి, తనకు 14. ఖాతా తన పేరనే తెరిచి, రికవరీకి వాళ్ళమ్మ ఫోను నంబరు ఇచ్చాము. బ్లాగు పేరులో ఊరు, బడి, ఇంటిపేరు ఏవీ లేవు. చదివే అనుమతిని ఎంచుకున్నవారికే పరిమితం చేశాము: అమ్మ, నాన్న, నేను, లెక్కల మాస్టారు. ఫోటోలతో పాటు తీసిన చోటు కూడా నమోదు కాకుండా ఫోను కెమెరాలో లొకేషన్ ఆపేశాము. పిల్లల పని పదిమందికీ చూపాలన్న ఉబలాటం పెద్దవాళ్ళకు ఉంటుంది, నాకూ ఉంది. కానీ ఏది ఎవరికి చూపాలో కాస్త పెద్దయ్యాక తనే నిర్ణయించుకోవాలి.

3వ వారం

ఫోటోలు తీశాము. స్కానరు లేదు. పొద్దున్నే ఎండ నేరుగా పడని అరుగు మీద కాగితం పరిచి, గూగుల్ డ్రైవ్‌లోని స్కాన్‌తో తీస్తే సరిపోయింది. ఫ్లాష్ వేస్తే పెన్సిలు గీతలు మెరిసి కనిపించకుండా పోతాయి. చార్టులకు మాత్రం మామూలు కెమెరానే నయం.

4వ వారం

ఏడో తరగతిలో కొబ్బరి పీచు గురించి రాసిన వ్యాసాన్ని అప్పట్లో ఒక డీటీపీ సెంటరులో టైప్ చేయించారు. ఆ ఫైలు దొరికిందని సంబరపడి అతికిస్తే ఒక్క తెలుగు అక్షరం రాలేదు, ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా వచ్చాయి. అది అను ఫాంట్లలో చేసిన ఫైలు. అవి యూనికోడ్, అంటే ఏ ఫోనులోనైనా కంప్యూటరులోనైనా తెలుగు తెలుగుగానే కనిపించే పద్ధతి, కావు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు అక్షరాల ముక్కలు కూర్చి చూపిస్తాయి, ఆ ఫాంటు లేనిచోట కింద ఉన్నది బయటపడుతుంది. యూనికోడ్‌లోకి మార్చే సాధనాలు ఉన్నాయి కానీ, ఉన్నవి రెండు పేజీలే కనుక అచ్చుకాపీ చూసి తనే మళ్ళీ టైప్ చేసింది. చేస్తూ చేస్తూ మూడు వాక్యాలు మార్చింది. "అప్పుడు పుస్తకంలో చూసి రాశాను పిన్నీ, ఇప్పుడు నాకే తెలుసు" అంది. పాత అచ్చుకాపీ ఫోటో కూడా బ్లాగులో అదే టపాలో (పోస్టులో) ఉంచాము.

ఆ వారమే ఇంకో సంగతి తెలిసింది. శీర్షిక తెలుగులో పెడితే బ్లాగర్ దాన్ని చిరునామాలోకి తీసుకోదు, టపాలన్నిటికీ 'బ్లాగ్-పోస్ట్' అనే పేరే ఇచ్చి పక్కన అంకెలు తగిలిస్తుంది. ప్రచురించే ముందే పెర్మాలింకు (ఆ టపా చిరునామా) దగ్గర ఇంగ్లీషు అక్షరాలలో ఒక చిన్న పేరు ఇచ్చుకోవాలి.

5, 6 వారాలు

ఈ రెండు వారాలూ గోదావరి వరద గ్రాఫుల టపా ఒక్కదానికే పట్టాయి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. మా వైపు పిల్లలకు ఈ అంకెలు ఎక్కాల్లా నోటికి వచ్చు. ఎనిమిదో తరగతి వానాకాలంలో తను రోజూ పేపరు చూసి నీటిమట్టం రాసుకుని గ్రాఫు గీసింది. మొదటి గ్రాఫు సున్నా నుంచి మొదలవుతుంది, 5 అడుగులకు ఒక సెంటీమీటరు. నీళ్ళు ఏడడుగులు పెరిగినా గ్రాఫులో సెంటీమీటరున్నర ఎత్తు కూడా లేదు. చెరిపి చెరిపి ఆ చోట కాగితం నూగు లేచింది. రెండో గ్రాఫు 8 అడుగుల దగ్గర మొదలవుతుంది, అడుగుకు ఒక సెంటీమీటరు. హెచ్చరికల దగ్గర ఎర్ర గీతలు. వరద ఎక్కిన రోజులు, తీసిన రోజులు చూడగానే తెలుస్తాయి.

"మొదటిది వద్దు పిన్నీ, సిగ్గుగా ఉంది" అంది. రెండూ పెట్టమన్నాను. అంతటితో ఊరుకోకుండా, ఎందుకు మార్చావో కింద రాయమ్మా అన్నాను. చాలాసేపు పెన్ను కొరుకుతూ కూర్చుని ఇలా రాసింది: "సున్నా నుంచి మొదలుపెట్టడం తప్పు కాదు. కానీ నేను చూపించాలనుకున్నది నీళ్ళు ఎంత ఉన్నాయన్నది కాదు, రోజుకు ఎంత పెరిగాయన్నది. అందుకని 8 నుంచి గీశాను." లెక్కల మాస్టారు ఆ మూడు వాక్యాలు చదివి వాళ్ళ నాన్నకు ఫోను చేశారు. మంచి గ్రాఫు ఒక్కటే పెట్టి ఉంటే ఆ ఫోను వచ్చేది కాదని నాకు గట్టి నమ్మకం. అప్పటి నుంచి ప్రతి టపా చివర మూడు ప్రశ్నలకు జవాబు రాస్తోంది: ఏమి చేశాను, ఎక్కడ ఆగిపోయాను, మళ్ళీ చేస్తే ఏమి మారుస్తాను.

7వ వారం

సబ్జెక్టుల వారీగా పెట్టిన లేబుళ్ళు తీసేశాము. వరద గ్రాఫు లెక్కలా, సాంఘికమా అని తేలలేదు. ఇప్పుడున్నవి నాలుగే: పరిశీలన, రాత, బొమ్మ, మాట.

8, 9 వారాలు

'మాట' కింద మొదటిది మా అమ్మది. 1996 నవంబరు 6న వచ్చిన తుఫాను గురించి మనవరాలు అడిగితే ఎనిమిది నిమిషాలు చెప్పింది. "తెల్లారి బయటికి వస్తే ఇంటి చుట్టూ ఆకాశమే కనిపించింది. అంత ఆకాశం మన పెరట్లో ఎప్పుడూ చూడలేదు" అంది. కొబ్బరిచెట్లు లేకపోవడాన్ని అమ్మ అలా చెప్పింది. ఫ్యాను చప్పుడు పడిందని సాయంత్రం మళ్ళీ రికార్డు చేశాము. మాట స్పష్టంగా వచ్చింది కానీ, మొదటిసారి అమ్మ ఆగి ఊపిరి తీసుకున్న చోట్లు రెండోసారి లేవు. ఫ్యాను చప్పుడుతో ఉన్నదే ఉంచాము.

బ్లాగర్‌లోకి ఆడియో నేరుగా ఎక్కదు. డ్రైవ్‌లో పెట్టి లింకు ఇచ్చాము. మాస్టారు తెరవబోతే అనుమతి అడగమని వచ్చింది. బ్లాగు అనుమతి వేరు, డ్రైవ్ అనుమతి వేరు. అక్కడా అవే ఈమెయిళ్ళు చేర్చాక వినిపించింది.

10వ వారం

సెట్టింగులలో బ్యాకప్ తీశాము. ఆ ఫైలులో రాత వస్తుంది, ఫోటోలకు లింకులు మాత్రమే ఉంటాయి. అందుకే అసలు ఫోటోలను, ఆడియోను విడిగా పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాము.

ఇప్పటికి 11 టపాలు, 4 చిత్తుప్రతులు. వచ్చే ఆదివారం అమ్మ మళ్ళీ కూర్చుంటానంది. పడిపోయిన తోటలో మొక్కలు ఎప్పుడు వేశారు, మళ్ళీ కాయ దిగడానికి ఎన్నేళ్ళు పట్టింది అంటూ తను అయిదు ప్రశ్నలు రాసి పెట్టుకుంది. ఆ కాగితం మీద అన్నిటికంటే పైన 'ఫ్యాను' అని రాసి, కింద ఎర్ర సిరాతో రెండు గీతలు గీసింది.