పదిహేడు పుల్లలు

నా నోరు ఎంత తెరుచుకుంటుందో నిన్న కొలిచారు. పై పళ్ళ అంచు నుంచి కింది పళ్ళ అంచు దాకా 35 మిల్లీమీటర్లు. ఏడు నెలల కిందట అదే స్కేలు పెడితే 4 వచ్చింది. చాలామందికి 40 దాటుతుందట, నాకు ఈ 35 చాలు. సంతోషం, దాని వెనకున్న ఒళ్ళుమంట రెండూ చల్లారకముందే రాసేస్తున్నాను.

ఆరేళ్ళప్పుడు మెట్ల మీంచి పడ్డాను. గడ్డం చిట్లితే మూడు కుట్లు వేశారు, అంతటితో అయిపోయిందనుకున్నారు ఇంట్లో. చెవి ముందు దవడ కీలు లోపల విరిగిందని ఎవరూ చూడలేదు. కీలులో చేరిన రక్తం గడ్డకట్టి, మెల్లమెల్లగా ఎముకైపోయి, కింది దవడను పుర్రెకు అతికించేసింది. ఒక్కరోజులో జరిగేది కాదిది. ఏడాదికి కాస్త చొప్పున నోరు మూసుకుపోతుంటే మనమూ అలవాటు పడిపోతాం. "ఈ పిల్లకి నోట్లో నాలుకే లేదు" అని చుట్టాలు మెచ్చుకునేవాళ్ళు. నాలుక ఉంది, బయటికి రావడానికే దారి లేదు. పిల్లలు గడ్డం మీద పడితే కుట్లతో ఊరుకోకండి, దవడ కీలు కూడా చూడమని అడగండి. డాక్టరు విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

ఇన్నేళ్ళకు తీసిన స్కాన్‌లో ఎడమ వైపు కీలు ఉండాల్సిన చోట ఒక ఎముక ముద్ద కనిపించింది. రక్త పరీక్షలు, సంతకాలు రెండు రోజుల్లో అయిపోయాయి.

ఆపరేషన్ అంటే అందరూ కత్తికి భయపడతారు. నాకు అసలు పరీక్ష మత్తుకి ముందే వచ్చింది. నోరు తెరుచుకోదు కాబట్టి శ్వాస గొట్టం నోట్లోంచి వేయలేరు. ముందే మత్తిస్తే ఊపిరి అడ్డం పడే ప్రమాదం. అందుకని మెలకువగా ఉండగానే, ముక్కులో, గొంతులో తిమ్మిరి మందు కొట్టి, కెమెరా ఉన్న సన్నటి గొట్టాన్ని ముక్కులోంచి దింపారు. గొంతు దగ్గర ఒక్క క్షణం ప్రాణం పోయినట్టే అనిపించింది. కదలకుండా పడుకున్నాను. మత్తు డాక్టరు "ఇంత ఓపికగా ఎవరూ ఉండరమ్మా" అన్నారు. అందరితోనూ అదే అంటారేమో, నేను మాత్రం అది ఇప్పటికీ చెప్పుకుంటూనే ఉన్నాను.

చెవి ముందు కోసి, అతుక్కున్న ఎముకను సెంటీమీటరుకు పైగా తీసేసి, మళ్ళీ అతుక్కోకుండా ఆ ఖాళీలో కణత దగ్గరి కండరం పొర మడిచి పెట్టారు. బల్ల మీద నోరు 38 తెరుచుకుందట. అది నేను చూడలేదు. లేచేసరికి ముఖం ఉబ్బి ఉంది, ఎడమ కనుబొమ్మ లేవడం లేదు. నరం లాగినట్టయిందని, మెల్లగా వస్తుందని చెప్పారు. నాలుగు నెలలకు వచ్చింది.

అసలు కథ ఇంటికొచ్చాక మొదలైంది. డిశ్చార్జి కాగితంలో మందులన్నీ గంటలతో సహా ఉన్నాయి. అన్నిటికన్నా ముఖ్యమైన దాని గురించి మాత్రం ఒకే ఒక్క ముక్క: "నోటి వ్యాయామం చేయాలి." ఎన్నిసార్లు, ఎంతసేపు, ఎన్ని నెలలు, ఏమీ లేదు. చేతిలో ఐస్‌క్రీం పుల్లల్లాంటి చెక్క పుల్లల కట్ట, టిక్కులు పెట్టుకోవడానికి ఒక చార్టు పెట్టి పంపించారు. పుల్లలన్నీ పేర్చి పళ్ళ మధ్య పెట్టుకోవాలి, మధ్యలోకి ఇంకోటి దూర్చాలి. ఒక్కో పుల్ల రెండు మిల్లీమీటర్లు. పద్నాలుగుతో ఇంటికొచ్చాను.

తొమ్మిదో రోజున పదిహేనోది దూరుస్తుంటే చెవి ముందు 'టక్' మంది. నొప్పి కన్నా ఆ చప్పుడే హడలగొట్టింది. చేసిందంతా విరిగిపోయిందనుకున్నాను. ఆ రోజు మానేశాను. మర్నాడు పద్నాలుగు కూడా పట్టలేదు. దాంతో భయం రెట్టింపైంది. పుల్లలకు రబ్బరు బ్యాండు వేసి సొరుగులో పడేశాను. అమ్మ అడిగితే "చేశాను" అనేదాన్ని.

ఐదో వారం చూపించుకోవడానికి వెళ్ళాం. బయట బెంచీ మీద కూర్చుని నెల రోజుల టిక్కులు వరసగా పెట్టేశాను. లోపల జూనియర్ డాక్టరు స్కేలు పెట్టాడు. 19. చార్టు తీసుకుని బొటనవేలు ఆ గళ్ళ మీదుగా పోనిచ్చాడు. మూడు వారాల కిందటి టిక్కు అలికిపోయింది. తన వేలు చూసుకున్నాడు, నీలంగా ఉంది. ఆ వేలు పైకెత్తి, చుట్టూ నిలబడ్డ విద్యార్థులకు చూపించి, "ఆపరేషన్లు ఎందుకు ఫెయిలవుతాయంటే, ఇదిగో, ఇందుకు" అన్నాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. అమ్మ నావైపు చూడలేదు. నోరు తెరిచి సమాధానం చెప్పాలంటే ఉన్నది 19 మిల్లీమీటర్లు. ఇలాగే పోతే మళ్ళీ మత్తిచ్చి బలవంతంగా తెరవాల్సి వస్తుందని కూడా అన్నాడు.

తప్పు నాదే, కాదనను. కానీ ఎందుకు మానేశావని ఒక్కడైనా అడిగాడా? చదువుకునే వాళ్ళకు నేర్పాల్సింది ఆ ప్రశ్న. నీలం వేలు చూపించడం ఎవరికైనా వస్తుంది.

పక్క గదిలో ఫిజియోథెరపీ మేడమ్ అడిగింది. చప్పుడు గురించి చెప్పాను. చెవి ముందు రెండు వేళ్ళు ఆనించి, తెరవమంది, మూయమంది, పక్కలకు కదపమంది. "కొత్తగా చేసిన కీలు, చప్పుళ్ళు వస్తాయి. వాపొచ్చినా, నొప్పి తగ్గకుండా పెరుగుతున్నా వెంటనే రా. చప్పుడుకి మాత్రం ఆపకు" అంది. నొప్పి మాత్ర వ్యాయామానికి అరగంట ముందు వేసుకోవాలని, ముందు వేడి కాపడం పెట్టాలని, పుల్లలు ముందు పళ్ళ మీదే మోపితే ఆ పళ్ళు కదిలిపోతాయి కాబట్టి వెనక పళ్ళకు కూడా పంచాలని, ఇవన్నీ నాకు ఐదో వారంలో తెలిశాయి. ఆపరేషన్ ముందే ఆ మేడమ్ లాంటి వాళ్ళను కలవండి. సర్జన్ చెప్తాడులే అనుకోవద్దు, చెప్పడు.

ఆ తర్వాత అక్క నాకు పోలీసైంది. రోజుకు ఆరుసార్లు, పది నిమిషాల చొప్పున, ఫోన్లో టైమరు. నోట్లో పుల్లలుంటే మింగడం కుదరదు, ఒళ్ళో తువ్వాలు తడిసిపోయేది. అక్కతో పోట్లాడాలంటే కాగితం మీద రాయాలి. "ఇంకో నిమిషం ఎక్కువ పెట్టావు" అని నేను రాస్తే, అది చదివి, స్పెల్లింగు దిద్ది, ఇంకో నిమిషం పెట్టేది. అద్దం ముందు ఇంకో పని: తెరిచినప్పుడల్లా దవడ ఎడమకు జారిపోయేది. నిట్టనిలువునా దిగేలా గడ్డానికి వేలు ఆనించి నేర్పుకోవాలి.

19 నుంచి 28 వరకు తొందరగానే వచ్చింది. 28 దగ్గర మూడు వారాలు ఆగిపోయింది. ఈసారి అబద్ధపు టిక్కులు పెట్టలేదు, స్కేలుతో కొలిచి అంకె రాశాను. టిక్కులు నమ్ముకోకండి, అంకె రాయండి, అదీ పొద్దున్నే ఒకే సమయానికి.

ఒక రాత్రి ఆవలింత వచ్చింది. చిన్నప్పటి నుంచీ ముక్కుతోనే ముగిసిపోయే ఆవలింత ఆ రోజు నోటి నిండా వచ్చింది. చెవి ముందు కలుక్కుమంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అయినా రెండోది వస్తుందేమోనని కూర్చున్నాను. అద్దంలో టార్చి వేసుకుని కొండనాలుక చూసుకున్నాను. అక్కని లేపి చూపించాను. తిట్టింది.

నిన్న పదిహేడు పుల్లలు పట్టాయి. ఇంకా ఆరు నెలలు మానకూడదట. స్కేలు పెట్టింది ఆ నీలం వేలు డాక్టరే. 35 అని రాసి, ఏమీ అనలేదు. నేనూ అనలేదు. టార్చి వేసి లోపలికి చూసి, బ్రష్ ఎన్నడూ చేరని వెనక పళ్ళు నాలుగు పుచ్చిపోయాయని, ఒకటి తీసేయాల్సిందేనని చీటీ రాసిచ్చాడు. వచ్చే వారం వెళ్ళాలి. తీయడానికి ఇప్పుడు చోటుంది కదా.