చక్కెరకేళిలో పుట్టే ఆర్గాన్

ఇంటర్మీడియెట్ చదువుతున్న మా అన్నయ్య కొడుకు పోయిన ఆదివారం సత్యనారాయణపురంలోని మా ఇంటికి వచ్చి, ఆవర్తన పట్టిక ముందు పెట్టుకుని, "బాబాయ్, ఆర్గాన్ పరమాణు భారం 39.95, పొటాషియంది 39.10. బరువైనది ముందెందుకుంది?" అని అడిగాడు. పరమాణు సంఖ్యల (కేంద్రకంలోని ప్రోటాన్ల లెక్క) వరుసలో అమర్చారు కాబట్టి అన్న పాఠ్యపుస్తకపు జవాబు వాడికీ తెలుసు; ఆర్గాన్‌కు ఆ అదనపు బరువు ఎక్కడి నుంచి వచ్చిందన్నదే వాడి అనుమానం.

జవాబు మా బల్ల మీది చక్కెరకేళి పళ్ళలోనే ఉంది. పొటాషియం పరమాణువులలో ఇంచుమించు 10,000కు ఒకటి పొటాషియం-40 (ద్రవ్యరాశి సంఖ్య, అంటే ప్రోటాన్లూ న్యూట్రాన్లూ కలిపి, 40 గల రకం); ఒక్కో పండులో అలాంటివి సెకనుకు పది పదిహేను విఘటనం చెందుతుంటాయి, అంటే వేరే మూలకంగా మారిపోతుంటాయి. (మన ఒంట్లోనూ అవి ఎప్పుడూ ఉంటాయి కనుక, పళ్ళు మానేయనక్కరలేదు.)

పొటాషియం కేంద్రకంలో 19 ప్రోటాన్లుంటాయి. నూటికి సుమారు 89 సార్లు అందులోని ఒక న్యూట్రాన్ ప్రోటాన్‌గా మారి ఎలక్ట్రాన్‌ను బయటికి తోసేస్తుంది. ప్రోటాన్లు 20 అయి అది కాల్షియం అవుతుంది. ఎలక్ట్రాన్ పోతోంది కదా, సంఖ్య తగ్గాలి కదా అనుకుని నేను ఒకప్పుడు పరీక్షలో 18 అని రాసి మార్కులు పోగొట్టుకున్నాను. పోయేది చుట్టూ తిరిగే ఎలక్ట్రాన్ కాదు, అప్పటికప్పుడు కేంద్రకంలో పుట్టినది. ఋణావేశం బయటికి పోతే లోపల ధనావేశం ఒకటి పెరగక తప్పదు.

మిగిలిన 11 సార్లు నా 18 నిజమవుతుంది. కేంద్రకం తనకు దగ్గరగా ఉన్న ఎలక్ట్రాన్‌నే లోపలికి లాక్కోగా, ఒక ప్రోటాన్ న్యూట్రాన్‌గా మారి, పొటాషియం కాస్తా ఆర్గాన్ అవుతుంది. రెండు దారుల్లోనూ ద్రవ్యరాశి సంఖ్య 40గానే ఉంటుంది. యురేనియం వంటివి ఆల్ఫా కణాన్ని (రెండు ప్రోటాన్లు, రెండు న్యూట్రాన్ల ముద్దను) విడిస్తే మాత్రం రెండు ప్రోటాన్లు ఒకేసారి పోయి 92 కాస్తా 90 అవుతుంది, బరువూ నాలుగు తగ్గుతుంది.

పొటాషియం-40 అర్ధజీవిత కాలం (ఉన్నదానిలో సగం విఘటనం చెందడానికి పట్టే సమయం) దాదాపు 125 కోట్ల సంవత్సరాలు. భూమి వయసు 454 కోట్లు కనుక, మొదట ఉన్నదానిలో ఇప్పుడు మిగిలింది పన్నెండో వంతే. అన్ని కోట్ల ఏళ్ళుగా రాళ్ళలో పుట్టిన ఆర్గాన్ మెల్లగా గాలిలోకి చేరింది. గాలిలో అది దాదాపు ఒక శాతం, అందులో 99.6 శాతం ఆర్గాన్-40. పొటాషియంలోనేమో 93 శాతం ద్రవ్యరాశి సంఖ్య 39 గలదే.

సూర్యుడిలోని ఆర్గాన్ చాలావరకు ఆర్గాన్-36. పట్టికలో ఆ ఆర్గాన్ భారాన్ని వేసి ఉంటే, మావాడికి ఈ అనుమానమే వచ్చేది కాదు.