కాంట్రాస్ట్ మామోగ్రఫీ గదిలో ఉద్యోగం

పరాయి దేశంలో రేడియోగ్రాఫర్‌గా చేరేనాటికి మామూలు మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) తీయడం నాకు అలవాటైన పనే గానీ, నరంలోకి మందు ఎక్కించి తీసే కాంట్రాస్ట్ మామోగ్రఫీ నా పని తీరునే మార్చేసింది. చేతి నరంలోకి అయోడిన్ మందు ఎక్కడం మొదలయ్యాక నింపాదిగా వివరించే వ్యవధి ఉండదు కనుక ఇందులో మాటలన్నీ ముందే అయిపోవాలి.

ఇదివరకు ఇలాంటి మందుతో దద్దుర్లు గానీ ఆయాసం గానీ వచ్చాయా, మూత్రపిండాల జబ్బు ఉందా, మధుమేహానికి మెట్‌ఫార్మిన్ అనే మందు వాడుతున్నారా, గర్భంతో ఉన్నారా అని అడుగుతాను. నా యాస అర్థం కాకపోయినా మొహమాటానికి తల ఊపేసేవారుంటారు కాబట్టి, జవాబును వారి మాటల్లోనే చెప్పించుకుంటాను. మందు ఎక్కుతున్నప్పుడు ఒళ్లంతా వెచ్చబడుతుందనీ, నోట్లో లోహపు రుచి తగలవచ్చనీ ముందే చెప్పకపోతే ఆ క్షణంలో బెదిరిపోతారు.

సాధారణంగా శరీర బరువులో కిలోకు 1.5 మిల్లీలీటర్ల చొప్పున, సెకనుకు 2 నుంచి 3 మిల్లీలీటర్ల వేగంతో ఇంజెక్టర్ మందును పంపుతుంది. ఆ సమయంలో రొమ్మును నొక్కి ఉంచితే రక్తప్రవాహం తగ్గి మందు సరిగా చేరదు. సుమారు 2 నిమిషాలు ఆగి మొదటి చిత్రం తీస్తే, 10 నిమిషాల లోపు రెండు రొమ్ములకూ పైనుంచి, ఏటవాలుగా తీసే చిత్రాలన్నీ ముగియాలి. చిత్రం కోసం రొమ్మును నొక్కిన ప్రతిసారీ యంత్రం తక్కువ శక్తి ఎక్స్‌రేతో ఒకటి, అయోడిన్ శోషణ ఒక్కసారిగా పెరిగే 33.2 కిలో ఎలక్ట్రాన్ వోల్టులకు పైబడిన శక్తితో మరొకటి తీస్తుంది. రెంటినీ కలిపి లెక్కగట్టినప్పుడు మామూలు కణజాలం వెనక్కి తగ్గి, మందు చేరిన చోటు తెల్లగా తేలుతుంది. క్యాన్సర్ గడ్డ పెరుగుతూ పుట్టించుకునే కొత్త రక్తనాళాల గోడలు మందును బయటికి కారనిస్తాయి. అందువల్లే, మామూలు మామోగ్రామ్‌లో అంతా తెల్లగా కనిపించే దట్టమైన రొమ్ములో దాగిన గడ్డ కూడా ఇందులో పట్టుబడే అవకాశం ఎక్కువ.

అయితే తెల్లగా తేలినదంతా క్యాన్సర్ కాదు, ఫైబ్రోఅడినోమా అనే క్యాన్సర్ కాని గడ్డ కూడా అలాగే కనిపించవచ్చు. మందు పట్టకుండా, తక్కువ శక్తి చిత్రంలో కాల్షియం చుక్కలుగా మాత్రమే కనిపించే క్యాన్సర్లూ ఉంటాయి. అందుకే రెండు చిత్రాలనూ చూడాలి, అనుమానం ఉంటే బయాప్సీ (చిన్న ముక్క తీసి పరీక్షించడం) చేయాలి. ఎక్స్‌రే మోతాదు కాస్త ఎక్కువే అయినా, ఎంఆర్ఐ సొరంగంలో పడుకోలేనివారికి ఇది అక్కరకొస్తుందని నా అభిప్రాయం.

పరీక్ష అయ్యాక, మందు పడనివారిని వెంటనే గుర్తించడానికి, నరంలోని గొట్టాన్ని కాసేపు ఉంచి గమనిస్తాం. ఆ కాసేపట్లో చాలామంది నా మొహంలో ఫలితం వెతుకుతారు. అది చెప్పవలసింది రేడియాలజిస్టు కనుక, రిపోర్టు ఎప్పుడొస్తుందో, ఎవరు ఫోన్ చేస్తారో మాత్రం స్పష్టంగా చెప్పి పంపుతాను.