ఎమ్మెస్సీ తరగతిలో లోలకం

ఉస్మానియాలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివిన వారికి మొదటి సంవత్సరపు క్లాసికల్ మెకానిక్స్ ఎంత లోతుగా మనసులో నాటుకుంటుందో వేరే చెప్పనక్కరలేదు. డిగ్రీ దాకా న్యూటన్ పద్ధతికే అలవాటుపడిన మాకు, వస్తువు మీద పనిచేసే బలాలన్నిటినీ బాణాలుగా గీయనిదే లెక్క మొదలుకాదన్న నమ్మకం ఉండేది. మా మాస్టారు తొలి తరగతుల్లోనే సాధారణ లోలకాన్ని బోర్డు మీద వేసి, దారంలోని బిగువును ప్రస్తావించకుండానే, నిలువు గీతతో దారం చేసే కోణాన్ని ఒక్కదాన్నే చలరాశిగా తీసుకొని, గతిజశక్తి నుంచి స్థితిజశక్తిని తీసివేయగా వచ్చే లగ్రాంజియన్‌తో చలన సమీకరణాన్ని నాలుగు వరుసల్లో రాబట్టారు. 1788లో గణితవేత్త లగ్రాంజ్ యాంత్రికశాస్త్రం మీద తన గ్రంథాన్ని ఒక్క పటమైనా లేకుండా ఎలా రాయగలిగాడో ఆ రోజు తెలిసింది.

అంతకంటే గొప్ప పాఠం తరువాత వచ్చింది. లగ్రాంజియన్‌లో ఒక నిరూపకం, అంటే వస్తువు స్థానాన్ని తెలిపే రాశి, కనబడకపోతే దానికి జంటగా ఉన్న ద్రవ్యవేగం మారదు. సూర్యుని చుట్టూ తిరిగే గ్రహానికి లగ్రాంజియన్ రాస్తే అందులో కోణం తిరిగే వేగం ఉంటుందే తప్ప కోణం ఉండదు. కనుక కోణీయ ద్రవ్యవేగం స్థిరం, గ్రహాన్ని సూర్యునితో కలిపే గీత సమాన కాలాల్లో సమాన వైశాల్యాలను చిమ్ముతుందనే కెప్లర్ రెండో నియమం దానంతటదే వస్తుంది. ఇలా ఎంత తిప్పినా లగ్రాంజియన్ మారకపోవడం ఒక సౌష్ఠవం. అలాంటి ప్రతి నిరంతర సౌష్ఠవానికీ ఒక నిత్యత్వ నియమం ఉంటుందని గణితవేత్త ఎమ్మీ నోథర్ నిరూపించి ప్రకటించిన 1918లోనే మన విశ్వవిద్యాలయమూ పుట్టిందని తెలిసి ఎంతో సంతోషించాను.

భ్రమణ చట్రాల పాఠంలో, అంటే తిరుగుతున్న భూమి మీద నుంచి చూస్తే చలనం ఎలా కనబడుతుందో చెప్పే పాఠంలో, మాస్టారు భూభ్రమణాన్ని కళ్లకు కట్టే ఫూకో లోలకాన్ని మన ఊరికే అన్వయించి లెక్క కట్టించారు. 1851లో పారిస్‌లోని పాంథియాన్‌లో 67 మీటర్ల తీగకు వేలాడిన 28 కిలోల గుండు ఊగే తలం ఒక చుట్టు తిరగడానికి దాదాపు 32 గంటలు పట్టింది. భూభ్రమణ వేగంలో స్థానిక నిలువు దిశకు చెందిన భాగం అక్షాంశపు సైన్ విలువను బట్టి ఉంటుంది కాబట్టి, ధ్రువం దగ్గర ఒక్క రోజులో పూర్తయ్యే ఆ చుట్టు, 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉన్న హైదరాబాద్‌లో సుమారు 80 గంటలు తీసుకుంటుంది. భూమధ్యరేఖ మీద తలం అసలు తిరగదు.

మేము కాగితం మీద కట్టిన ఈ లెక్కను ఇప్పటి విద్యార్థులు కళ్లారా చూడాలని నా కోరిక. ఎత్తైన మెట్లదారి నడుమ పొడవైన ఉక్కు తీగకు బరువైన గుండు వేలాడదీసి, చేత్తో వదిలితే పక్కకు తోపు తగులుతుంది కనుక నూలుదారంతో పక్కకు లాగి కట్టి, ఆ దారాన్ని కాల్చి వదలాలి. తీగను పైన పట్టే బిగింపు అన్ని దిశల్లోనూ ఒకేలా ఉండాలి. లేకుంటే గుండు దీర్ఘవృత్తంలో తిరగసాగి అసలు ఫలితాన్ని కప్పేస్తుంది. తలం గంటకు 4.5 డిగ్రీల చొప్పున గడియారపు ముళ్ల దిశలో జరుగుతుంది. గుండు మధ్య నుంచి మీటరు దూరం ఊగేలా చూస్తే, ఒక్క గంటలో దాని కొస దాదాపు 8 సెంటీమీటర్లు పక్కకు తప్పుకుంటుంది. నేల మీద సుద్దతో గీత గీసి పెడితే తరగతి ముగిసేలోగానే అందరికీ కనబడుతుంది. ఇందుకయ్యే ఖర్చు పూర్వ విద్యార్థులం భరించలేనిది కాదు.