వారం మధ్యలో వైనరీకి: నేను రుచి చూసే పద్ధతి

వైనరీకి, అంటే వైన్ తయారుచేసే చోటికి, టేస్టింగ్‌కి వెళ్లాలంటే నేను మంగళవారమో బుధవారమో చూసుకుంటాను. శని, ఆదివారాల్లో కౌంటరు దగ్గర పోసేవాళ్లకి తల ఎత్తే తీరిక ఉండదు. వారం మధ్యలో అదే మనిషి ద్రాక్ష ఎప్పుడు కోశారో, పీపాలో ఎన్నాళ్లు ఉంచారో నింపాదిగా చెబుతాడు. ముందు ఫోన్ మాత్రం చేయాల్సిందే. కొన్ని వైనరీలకు సోమ, మంగళవారాలు సెలవు. ఆ రోజు బాట్లింగ్ పెట్టుకున్నా, కోతల సీజన్ అయినా లోపల తిప్పి చూపించే మనిషి దొరకడు.

వారం మధ్యలో అసలు చిక్కు ఇంకొకటుంది. ఆదివారం తెరిచిన సీసా మంగళవారం దాకా కౌంటరు మీదే ఉండిపోతుంది. గాలి తగిలి పండు వాసన సన్నగిల్లుతుంది, తెల్ల వైన్ రంగు ముదిరి కోసి వదిలేసిన ఆపిల్ వాసన వస్తుంది. అందుకే మొదటి గ్లాసుకు ముందే "ఈ సీసా ఎప్పుడు తెరిచారండీ?" అని అడిగేస్తాను. మంచి చోట దీనికి ఎవరూ నొచ్చుకోరు, పాతదైతే కొత్తది తీస్తారు.

ఆ రోజు సెంటు పూసుకోను. గంట ముందు నుంచి కాఫీ, పుదీనా బిళ్లలు బంద్. ఖాళీ కడుపుతో మాత్రం వెళ్లను.

ఒక్కో రకం 30 నుంచి 60 మి.లీ. పోస్తారు. చూడ్డానికి గుక్కెడే, కానీ ఆరు రకాలు 60 చొప్పున మింగితే 360 మి.లీ., దాదాపు సగం సీసా. ఉమ్మడానికి పక్కనే పాత్ర పెడతారు, మొహమాటం అక్కర్లేదు. ఈ పనే వృత్తిగా ఉన్నవాళ్లంతా ఉమ్ముతారు. ఉమ్మినా కొంత ఆల్కహాల్ ఒంట్లోకి పోతుంది కాబట్టి బండి నడిపే మనిషి నీళ్లతో సరిపెట్టుకోవాల్సిందే.

వరస ముఖ్యం. ముందు స్పార్క్లింగ్ (బుడగలొచ్చే వైన్), తర్వాత తేలికపాటి తెల్లవి, పీపాలో ఉంచిన తెల్లవి, ఎర్రవి, చివర్లో తీపివి. తీపిది ముందు తాగితే ఆ తర్వాతి డ్రై (తీపి లేని) వైన్ ఉత్త పులుపుగా తోస్తుంది. తెల్లవి 8–12 డిగ్రీల మధ్య, ఎర్రవి 15–18 మధ్య బాగుంటాయి. ఫ్రిజ్‌లోంచి నేరుగా పోసిన తెల్ల వైన్‌కి వాసనే ఉండదు. గ్లాసును రెండు అరచేతుల మధ్య కాసేపు పట్టుకుంటే వాసన విచ్చుకుంటుంది.

మామూలుగా గ్లాసు కాడ పట్టుకుని, తెల్ల కాగితం మీదికి వంచి అంచు చూస్తాను. ఎర్ర వైన్ పాతబడే కొద్దీ అంచు ఇటుక రంగుకు తిరుగుతుంది. తర్వాత గ్లాసు తిప్పకముందు ఒకసారి, తిప్పాక ఒకసారి వాసన. చాలామంది మొదటిది వదిలేస్తారు, లోపాలు పసిగట్టాలంటే రెండూ పోల్చి చూడాలి. ఉడికిన గుడ్డు, కాల్చిన అగ్గిపుల్ల వాసన వస్తే కంగారు వద్దు. అవి గంధకపు సమ్మేళనాలు, తిప్పుతుంటే తరచూ పోతాయి. తడిసిన అట్టపెట్టె వాసన మాత్రం పోదు. అది టీసీఏ అనే పదార్థం, ఎక్కువగా కార్క్ బిరడా నుంచి వస్తుంది, లీటరుకు కొన్ని నానోగ్రాములు చాలు. ఇంకా తక్కువుంటే వాసన తెలియదు, పండు రుచి మటుకు మూగబోతుంది. అనుమానం వస్తే అదే వైన్ ఇంకో సీసాలోంచి అడిగి పక్కపక్కన పెట్టి చూడండి. రద్దీ రోజున ఇది అడగలేం.

నోట్లోకి చెంచాడు చాలు. నాలుక మీద తిప్పి, పెదాల సందులోంచి కాస్త గాలి పీల్చాలి. దవడల్లో నీళ్లూరితే అది ఆమ్లం. చిగుళ్లు ఎండి, నాలుక గరుకైతే టానిన్ల వగరు. తొక్కలు, గింజలు, ఓక్ చెక్క పీపాలు ఇచ్చే ఈ టానిన్లు లాలాజలంలోని ప్రొటీన్లను పట్టేసుకుంటాయి. అందుకే వరసగా నాలుగు ఎర్రవి తాగితే నోరు మొద్దుబారుతుంది, మధ్యలో నీళ్లు, ఉప్పులేని బ్రెడ్ ముక్క తప్పనిసరి.

పీపాల గదిలో వాడుకగా కనిపించేది 225 లీటర్ల పీపా, అంటే 300 సీసాలు. చెక్కలోంచి ఆవిరయ్యే కొద్దీ పైనుంచి నింపుతుంటారు. పులుస్తున్న తొట్టిలోకి తల వంచొద్దు, పైన కార్బన్ డయాక్సైడ్ నిలిచి ఉంటుంది.

కొనేముందు నచ్చినవి రెండు మళ్లీ చిన్నగా పోయించుకుంటాను. కొన్న సీసాలు ఎండలో కారులో వదిలేస్తే వేడికి వైన్ ఉబ్బి బిరడాను పైకి తోస్తుంది. అడుగున గాజు పలుకుల్లా కనిపించేవి టార్టారిక్ ఆమ్లపు లవణం. వాటివల్ల హాని లేదు, సీసా తిరిగి ఇవ్వనక్కర్లేదు.